పట్టీ సాఫ్ట్‌వేర్ రెపో: క్లౌడ్ బ్యాకప్ నుంచి కోడ్‌ను తిరిగి నిలబెట్టిన పని డైరీ

శనివారం రాత్రి

సర్వర్‌లోని ఎస్‌ఎస్‌డీ డిస్కు పోయింది. బయోస్‌లో దాని పేరు కూడా కనిపించడం లేదు. గుంటూరు మిర్చి యార్డులో కమిషన్ కొట్లకు మేము ఇచ్చే పట్టీ సాఫ్ట్‌వేర్ కోడ్ మొత్తం ఆ డిస్కు మీదే, ఒక బేర్ గిట్ రెపోలో ఉండేది. (గిట్ అంటే కోడ్‌లో ప్రతి మార్పునూ చరిత్రతో సహా దాచే ప్రోగ్రాము. దాచే చోటు రెపో, దాచిన ఒక్కో మార్పు కమిట్. బేర్ అంటే చరిత్ర మాత్రమే ఉన్నది.) టిక్కీల (మిర్చి బస్తాల) తూకం, ధర, కమిషను, హమాలీ ఖర్చు కలిపి రైతు చేతికి వెళ్లే పట్టీ (అమ్మకం లెక్క చీటీ) ప్రింటయ్యేదాకా జరిగే లెక్కంతా అందులోనే ఉంది. కొట్లలో ఇప్పటికే నడుస్తున్న ప్రోగ్రాముకు ఇబ్బంది లేదు. కానీ సీజను మధ్యలో ఉన్నాం. సోమవారం ఏ కొట్టులోనైనా ఒక లెక్క తేడా వస్తే సరిచేసి పంపాలి, దానికి కోడ్ చేతిలో ఉండాలి.

డిస్కు సంగతి చూడకముందే టీమ్ గ్రూపులో మెసేజ్ పెట్టాను. ఎవరూ ఫెచ్, పుల్ (సర్వర్ నుంచి మార్పులు తెచ్చుకోవడం) చేయొద్దు. జీసీ (అక్కర్లేదనుకున్న పాత డేటాను తీసేసే గిట్ కమాండు) నడపొద్దు. ల్యాప్‌టాప్‌లో ఉన్న ఏ ఫోల్డరూ తీసేయొద్దు.

ఎందుకో కూడా అక్కడే రాశాను, ఎందుకంటే కారణం తెలియని నియమాన్ని రాత్రి పదకొండు గంటలకు ఎవరూ గుర్తుపెట్టుకోరు. ప్రతి ల్యాప్‌టాప్‌లోనూ సర్వర్‌ను చివరిసారి చూసినప్పుడు మెయిన్ బ్రాంచ్ (కోడ్ ప్రధాన శాఖ) ఎక్కడుందో ఒక గుర్తు ఉంటుంది, అదే ఆరిజిన్ మెయిన్. గిట్ మామూలుగా రాసుకునే ఫెచ్ నియమం ముందు ఒక ప్లస్ గుర్తు ఉంటుంది. సర్వర్ ఏం చెబితే అది, వెనక్కి వెళ్లడమైనా సరే, ఒప్పుకోమని దాని అర్థం. పాత బ్యాకప్‌ను అదే అడ్రసులో పైకి తెస్తే, ఒకరు అలవాటుగా ఫెచ్ కొడితే, వాళ్ల దగ్గరున్న కొత్త గుర్తు పాత చోటికి జరిగిపోతుంది. స్క్రీన్ మీద ఫోర్స్‌డ్ అప్‌డేట్ అని ఒక లైన్ వస్తుంది, అంతే. ఆ తరువాత ఆ కొత్త కమిట్‌లను పట్టుకుని ఉండేది రెఫ్‌లాగ్ (గుర్తులు ఎక్కడెక్కడికి జరిగాయో రాసుకునే చిట్టా) ఒక్కటే. బ్రాంచ్‌కు అందని వాటిని అది డిఫాల్ట్‌గా 30 రోజులే గుర్తుంచుకుంటుంది, మిగిలిన వాటిని 90 రోజులు. అంటే ఈ రాత్రి మా అసలు ఆస్తి క్లౌడ్‌లో ఉన్నదాంతోపాటు ఈ ల్యాప్‌టాప్‌లలోనూ ఉంది. ముందు దాన్ని కదలకుండా ఉంచాలి.

డిస్కును డేటా రికవరీ వాళ్లకు పంపే ఆలోచన ఉంది, కానీ దాని మీద ఆశ పెట్టుకుని పని ఆపడం లేదు.

ఆదివారం పొద్దున

బ్యాకప్ రోజూ తెల్లవారుజామున 2 గంటలకు వెళుతుంది. రెపోల ఫోల్డర్ మొత్తాన్ని టార్ చేసి (ఒకే ఫైలుగా కట్టి), జీజిప్‌తో కుదించి, జీపీజీతో తాళం వేసి, అమెజాన్ క్లౌడ్ స్టోరేజ్ అయిన ఎస్ 3లో ముంబయి రీజియన్‌కు పంపుతుంది. రోజువారీవి మామూలు స్టోరేజ్‌లో ఉంటాయి. నెలకొకటి మాత్రం గ్లేసియర్ డీప్ ఆర్కైవ్ అనే చవకైన, నిదానమైన స్టోరేజ్‌లోకి జరుగుతుంది.

బకెట్‌ను (ఎస్ 3లో మా ఫైళ్లున్న చోటును) ముట్టుకునే ముందు చదవడానికి మాత్రమే అనుమతి ఉన్న ఒక కీ చేయించాను. టెన్షన్‌లో ఉన్న మనిషి చేతిలో డిలీట్ చేయగల కీ ఉండకూడదు. 2014 జూన్‌లో కోడ్ స్పేసెస్ అనే కోడ్ హోస్టింగ్ కంపెనీ అమెజాన్ కంట్రోల్ ప్యానెల్‌లోకి ఒక దుండగుడు దూరి, డేటాతోపాటు బ్యాకప్‌లను కూడా తీసేశాడు. అన్నీ ఒకే ప్యానెల్ కింద ఉండడంతో కంపెనీ మూతపడింది. మాది దాడి కాదు. అయినా బ్యాకప్‌ను చెరపగల తాళం, చదవగల తాళం వేరువేరుగా ఉండాలన్నది అప్పటి నుంచీ నాకు గట్టి నమ్మకం.

రెండో పని డీప్ ఆర్కైవ్ కాపీని అడగడం. అది అడిగిన వెంటనే రాదు. స్టాండర్డ్ పద్ధతిలో 12 గంటల లోపు, చవకైన బల్క్ పద్ధతిలో 48 గంటల లోపు వస్తుంది. వచ్చాక కూడా మనం అడిగిన రోజులు మాత్రమే అందుబాటులో ఉంటుంది. దాంతో అవసరం పడుతుందో లేదో ఇంకా తెలియదు. కానీ ఎదురుచూడడం మిగతా పనితో సమాంతరంగా సాగిపోవాలి కాబట్టి ముందే అడిగేశాను.

ఇక రోజువారీ ఫైళ్ల జాబితా. ఇక్కడే గుండె జారింది. బుధవారం దాకా ప్రతి ఫైలూ దాదాపు 1.4 జీబీ ఉంది. గురువారం, శుక్రవారం, శనివారం ఫైళ్లు 900 ఎంబీ దగ్గర ఆగాయి. కోడ్ రెపో పెరుగుతుంది గానీ ఒక్క రాత్రిలో మూడో వంతు తగ్గదు.

ఆదివారం మధ్యాహ్నం

శనివారం ఫైలు దింపాను. పక్కనే దాచిన షా-256 (ఫైలు నుంచి లెక్కగట్టే వేలిముద్ర లాంటిది) సరిపోయింది. (ఎస్ 3 చూపించే ఈట్యాగ్‌తో పోల్చి చూడొద్దు. ముక్కలు ముక్కలుగా ఎక్కించిన ఫైలుకు అది మొత్తం ఫైలు ఎండీ5 వేలిముద్ర కాదు, ఎప్పటికీ కలవదు, లేనిపోని భయం పుడుతుంది.) జీపీజీ మారుమాట లేకుండా తెరిచింది. టార్ కూడా తెరుచుకుంది. ఫైళ్ల పేర్లన్నీ ఉన్నాయి, సైజులు కూడా పూర్తిగా ఉన్నాయి. నాలుగు పరీక్షల్లోనూ పాసైన ఫైలు 500 ఎంబీ తక్కువ ఎలా ఉంది?

గిట్ వెరిఫై ప్యాక్ నడిపితే పెద్ద ప్యాక్ (గిట్ తన డేటాను కుదించి కట్టిన ఫైలు) చెక్‌సమ్ కలవడం లేదంది. హెక్స్‌డంప్ తీసి బైట్లను నేరుగా చూశాను. 1.2 జీబీ ప్యాక్‌లో 700 ఎంబీ దాకా మామూలు డేటా ఉంది. అక్కడి నుంచి చివరిదాకా అన్నీ సున్నాలే.

అప్పుడు లెక్క కుదిరింది. డిస్కు గురువారమే చావడం మొదలుపెట్టింది. టార్ ఒక ఫైలు చదువుతూ మధ్యలో రీడ్ ఎర్రర్ వస్తే ఆగిపోదు. హెడర్‌లో సైజు ముందే రాసేసింది కాబట్టి, మిగిలిన భాగాన్ని సున్నాలతో నింపి తరువాతి ఫైలుకు వెళ్లిపోతుంది. చివర్లో ఎగ్జిట్ కోడ్ 2 ఇస్తుంది, అంటే పని ఫెయిలైందని. కానీ మా స్క్రిప్టులో టార్ తరువాత పైపులో (ఒకదాని ఫలితం తరువాతిదానికి అందే వరుసలో) జీజిప్, దాని తరువాత జీపీజీ ఉన్నాయి. స్క్రిప్టును నడిపే బాష్‌లో పైప్‌ఫెయిల్ సెట్టింగు పెట్టకపోతే పైపులో చివరి కమాండు ఫలితమే బయటికి వస్తుంది. జీపీజీ పని సజావుగా అయింది కాబట్టి అంతా బాగున్నట్టే నమోదైంది. గిట్ ప్యాక్ అప్పటికే కుదించిన డేటా, జీజిప్ దాన్ని ఇంకేమీ తగ్గించలేదు. సున్నాలనైతే పిండేస్తుంది. అందుకే ఫైలు చిన్నదైంది. షా-256 కూడా ఈ పాడైన ఫైలుకే కట్టారు, కాబట్టి కలవక ఏం చేస్తుంది?

ఇలాంటిది పెద్ద చోట్ల కూడా జరిగింది. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే కోడ్ హోస్టింగ్ కంపెనీలో పొరపాటున అసలు డేటాబేస్ సర్వర్ మీదే డేటా తీసేశారు. బ్యాకప్ కోసం ఎస్ 3 బకెట్ తెరిస్తే ఖాళీగా ఉంది. డేటాబేస్ 9.6 వెర్షన్‌ది, డంప్ తీసే ప్రోగ్రాము 9.2 వెర్షన్‌ది, అది రోజూ ఫెయిల్ అవుతోంది. ఫెయిల్ అయిందని చెప్పే మెయిళ్లను డీమార్క్ (పంపినది అసలువాళ్లేనా అని చూసే పద్ధతి) పెట్టలేదని మెయిల్ సర్వర్ తిప్పికొట్టింది. చివరికి దాదాపు 6 గంటల ముందు వేరే పనికి తీసిన ఒక స్నాప్‌షాట్ (ఆ క్షణానికి ఉన్న డేటా నకలు) వాళ్లను ఆదుకుంది. ఆ సంఘటన వివరాలను వాళ్లే దాచకుండా రాశారు. ఈ రంగంలో ఉన్న ప్రతి ఒక్కరూ అది చదవాలి.

ఆదివారం సాయంత్రం

ఈ డైరీలో నాకు బాగా నచ్చిన పూట ఇది.

బుధవారం ఫైలు పూర్తిగా మంచిది. రెపోను తనిఖీ చేసే గిట్ కమాండు ఎఫ్‌ఎస్‌సీకే ఒక్క తప్పు కూడా చూపలేదు. దాన్నే పెట్టేసుకుంటే బుధవారం, గురువారం, శుక్రవారం పని పోతుంది. శనివారం ఫైల్లో ఆ పని ఉంది, కానీ పెద్ద ప్యాక్ సగం సున్నాలు.

రెండు ఫోల్డర్లను పక్కపక్కన పెట్టి చూస్తే, పెద్ద ప్యాక్ పేరు రెండింటిలోనూ ఒక్కటే. గిట్‌లో ప్యాక్ ఫైలు పేరు ఎవరో పెట్టింది కాదు, లోపలున్న దాని నుంచి లెక్కగట్టిన హ్యాష్. ఇప్పటి గిట్ వెర్షన్లలో పేరు ఒకటే అయితే లోపలి బైట్లు కూడా ఒకటే. అంటే బుధవారం నుంచి శనివారం దాకా రీప్యాక్ (ప్యాకులను మళ్లీ కట్టడం) జరగలేదు. కొత్త పనంతా చిన్న ప్యాకుల్లో, విడి ఆబ్జెక్టుల్లో (గిట్ దాచుకునే ఒక్కో ముక్క ఒక ఆబ్జెక్టు) ఉంది. టార్ సున్నాలతో నింపింది ఎర్రర్ వచ్చిన ఆ ఒక్క ఫైలునే.

కాబట్టి శనివారం ఫోల్డర్‌ను మరో చోట కాపీ చేసి (దీన్నే ఇకపై వర్క్‌బెంచ్ రెపో అంటాను), అందులోని పాడైన ప్యాక్‌ను తీసేసి, బుధవారం ప్యాక్‌ను, దాని ఇండెక్స్ ఫైలును తెచ్చి పెట్టాను. (ఇండెక్స్ లేకపోయినా ఇండెక్స్ ప్యాక్ కమాండుతో మళ్లీ కట్టుకోవచ్చు. ప్యాక్ ఉంటే చాలు.) ఫుల్ ఆప్షన్‌తో ఎఫ్‌ఎస్‌సీకే నడిపాను. ఎక్కడా మిస్సింగ్ లేదు, కరప్ట్ లేదు. కొన్ని డాంగ్లింగ్ కమిట్‌లు (ఏ బ్రాంచ్‌కూ అందనివి) చూపించింది, అవి ఎప్పుడూ ఉండేవే, రీబేజ్ చేసిన (కమిట్‌లను తిరగరాసిన) చోటల్లా మిగులుతాయి.

ఇదంతా గిట్ ఆబ్జెక్టులను వాటి హ్యాష్‌తోనే పిలుస్తుంది కాబట్టి సాధ్యమైంది. ఒక ఆబ్జెక్టు బుధవారం నుంచి వచ్చిందా, శనివారం నుంచి వచ్చిందా, ఎవరి పెన్‌డ్రైవ్ నుంచి వచ్చిందా అన్నది దానికి అక్కర్లేదు. హ్యాష్ సరిపోతే అదే ఆబ్జెక్టు. రెండు సగం బ్యాకప్‌లను కలిపి ఒక నిండు రెపో చేసి, అది నిండుగా ఉందని రుజువు కూడా చూపించగలగడం మామూలు ఫైళ్లతో కుదరదు. 2005లో దీన్ని రాసినవాళ్లకు ఈ పూట మనసులో దండం పెట్టుకున్నాను.

ఇంకొకటి గమనించాను. నడుస్తున్న రెపోను ఇలా ఫైళ్లుగా కాపీ చేయడంలోనే ఒక చిక్కుంది. టార్ ముందు ఆబ్జెక్టుల ఫోల్డర్‌ను, తరువాత రెఫ్‌లను (ఏ బ్రాంచ్ ఏ కమిట్ దగ్గరుందో చెప్పే గుర్తులను) చదివిందనుకోండి. ఆ మధ్యలో ఎవరైనా పుష్ చేస్తే (తమ మార్పులను సర్వర్‌కు పంపితే), బ్యాకప్‌లో రెఫ్ కొత్త కమిట్‌ను చూపిస్తుంది గానీ ఆ కమిట్ ఉండదు. తెల్లవారుజామున 2 గంటలకు ఎవరూ పుష్ చేయరు కాబట్టి మాకు ఇన్నాళ్లూ నడిచింది.

ఆదివారం రాత్రి

ఎఫ్‌ఎస్‌సీకే శుభ్రంగా వచ్చింది కదా, సర్వర్ పెట్టేద్దాం అని టీమ్‌లో ఒకరు అన్నారు. ఆపాను.

ఎఫ్‌ఎస్‌సీకే చెప్పేది ఒకటే: ఈ రెఫ్‌ల నుంచి వెనక్కి నడిస్తే దారిలో ఏదీ తెగలేదు. రెఫ్‌లు ఇంకా ముందుకు ఉండాల్సిందా అన్నది దానికి తెలియదు. శనివారం 2 గంటలకు తీసిన కాపీకి ఆ రోజు పగలు జరిగిన పుష్‌ల సంగతి ఎలా తెలుస్తుంది? శనివారం మేమంతా ఆఫీసులోనే ఉన్నాం. డిస్కు సాయంత్రం పోయింది. ఒక రోజు వెనకబడిన రెపో కూడా ఏ పరీక్ష పెట్టినా నూటికి నూరు తెచ్చుకుంటుంది. నన్ను భయపెట్టేది ఇదే. పాడైన రెపో గట్టిగా అరుస్తుంది. వెనకబడిన రెపో ఏ చప్పుడూ చేయదు.

ప్రతి ల్యాప్‌టాప్ నుంచి రెఫ్‌లన్నీ వర్క్‌బెంచ్ రెపోలోకి తెచ్చాను, ఎవరివి వాళ్ల పేరుతో వేరే నేమ్‌స్పేస్‌లో, ఒకరివి ఇంకొకరి మీద పడకుండా. వచ్చే ప్రతి ఆబ్జెక్టును తనిఖీ చేసే సెట్టింగు ఆన్‌లో ఉంచాను. తరువాత అందరి ఆరిజిన్ మెయిన్‌లను పోల్చాను. ఈజ్ యాన్సెస్టర్ కమాండుతో ఏది ఎవరికి ముందో తేలిపోయింది. అన్నింటికంటే ముందున్నది మా టెస్టింగ్ చూసే అమ్మాయి దగ్గర ఉంది. శనివారం మధ్యాహ్నం ఆమె పుల్ చేసింది. శనివారం పని చాలావరకు దొరికింది.

చాలావరకు అంటే ఎంత? మధ్యాహ్నం తరువాత ఎవరూ పుష్ చేయలేదని ఎవరు చెప్పాలి? అడిగితే దొరికినవాళ్లంతా "చేసినట్టు గుర్తులేదు" అన్నారు. జ్ఞాపకం మీద ఆధారపడి సర్వర్ పెట్టలేను.

డీప్ ఆర్కైవ్ కాపీ రాత్రి వచ్చింది. దాన్ని వేరే పనికి వాడాను. నెల కిందట ఉన్న ప్రతి బ్రాంచ్ ఇప్పుడున్న దానిలో ఎక్కడో ఒకచోట ఇమిడి ఉందా అని చూశాను. ఒక్క బ్రాంచ్ మాత్రం కనిపించలేదు. కనుక్కుంటే, స్క్వాష్ చేసి (కమిట్‌లన్నీ ఒక్కటిగా చేసి) మెయిన్‌లో కలిపి తీసేసినదే. ఆ పక్క నిశ్చింత.

సోమవారం పొద్దున

ఎనిమిది గంటలకు సపోర్టు చూసే తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, శనివారం సాయంత్రం ఒక కొట్టుకు కొత్త బిల్డ్ పెట్టాం కదా, కోత లెక్క సరిచేసింది. అది నువ్వు తెచ్చిన దాంట్లో ఉందా?"

శనివారం సాయంత్రం బిల్డ్ (కోడ్ నుంచి తయారుచేసిన ప్రోగ్రాము) సంగతి నాకు అప్పటిదాకా తెలియదు.

మా ప్రోగ్రాము ప్రింటు చేసే ప్రతి పట్టీ కింద చిన్న అక్షరాల్లో వెర్షన్ పడుతుంది. అది ఆ బిల్డ్ తయారైన కమిట్ హ్యాష్‌లో మొదటి 7 అక్షరాలు. కొట్టులో గుమాస్తా గారిని అడిగి ఒక పట్టీ ఫోటో తెప్పించాను, పేర్లూ మొత్తాలూ మూసి కింది గీత మాత్రం. ఆ 7 అక్షరాలతో వర్క్‌బెంచ్ రెపోలో వెతికాను. లేదు. ఎవరి ల్యాప్‌టాప్ రెఫ్‌లాగ్‌లోనూ లేదు.

అంటే మా దగ్గర లేని కోడ్ ఒకటి యార్డులో పనిచేస్తోంది. రైతుల డబ్బు దాని మీద నడుస్తోంది. నిన్న రాత్రి సర్వర్ పెట్టేసి ఉంటే, రేపు ఇంకో చిన్న మార్పు చేసి బిల్డ్ పంపేవాళ్లం, సరిచేసిన కోత లెక్క మళ్లీ పాతదైపోయేది, ఎవరికీ అర్థమయ్యేది కాదు.

సోమవారం మధ్యాహ్నం

బిల్డ్ ఎక్కడ తయారైంది? మూలనున్న బిల్డ్ మిషన్‌లో. దాని సొంత డిస్కు దానికుంది. వెళ్లి చూస్తే అందులో రెపో ఉంది, కానీ డెప్త్ 1తో తీసిన షాలో క్లోన్ (పైపై నకలు). చివరి కమిట్, దాని ఫైళ్లు ఉంటాయి, వెనక చరిత్ర ఉండదు. ఆ కమిట్ మాత్రం పట్టీ మీదున్నదే.

క్యాట్ ఫైల్ కమాండుతో కమిట్‌ను తెరిచాను. చరిత్ర లేకపోయినా కమిట్ ఆబ్జెక్టులో తన పేరెంట్ (దానికి ముందటి కమిట్) హ్యాష్ రాసి ఉంటుంది, షాలో అయినంత మాత్రాన అది చెరిగిపోదు. ఆ పేరెంట్ హ్యాష్‌ను వర్క్‌బెంచ్‌లో వెతికాను. ఉంది. టెస్టింగ్ అమ్మాయి దగ్గర దొరికిన చివరి కమిటే అది. మధ్యలో ఏ లంకే తెగలేదు.

షాలో రెపో నుంచి మామూలుగా ఫెచ్ చేయబోతే దాని కొరత మన రెపోకు కూడా అంటకూడదని గిట్ అడ్డం చెబుతుంది. అందుకని ఆ మిషన్‌లోని ప్యాకులను, ఇండెక్సులను, విడి ఆబ్జెక్టులను వర్క్‌బెంచ్ ఆబ్జెక్టుల ఫోల్డర్‌లోకి కాపీ చేశాను. చరిత్ర ఎక్కడ తెగిందో చెప్పే షాలో అనే ఫైలును మాత్రం తేలేదు. మెయిన్‌ను ఆ కమిట్ దగ్గరికి జరిపి మళ్లీ ఫుల్ ఎఫ్‌ఎస్‌సీకే నడిపాను. శుభ్రం. ఆ కమిట్ నుంచి బిల్డ్ చేసి, కొట్టులో నడుస్తున్న ప్రోగ్రాముతో ఒకే తూకాలకు పట్టీలు తీసి పోల్చాం. పైసా తేడా లేదు.

కమిట్ రాసినాయన ఊరికి వెళ్లి సోమవారం మధ్యాహ్నానికి గానీ ఫోన్‌లో దొరకలేదు. శనివారం తన ల్యాప్‌టాప్‌లో కాకుండా ఆఫీసులో వేరే డెస్క్‌టాప్ మీద చేశారట. అడగగానే ఏం మార్చారో ఒక్కో లైను చెప్పారు. మా దగ్గరున్నదానితో సరిపోయింది.

సోమవారం రాత్రి

కొత్త సర్వర్‌ను ముందు వేరే అడ్రసులో పెట్టాం. హుక్‌లు (పుష్ లాంటిది జరిగినప్పుడు వాటంతటవే నడిచే స్క్రిప్టులు), కాన్ఫిగ్ క్లోన్‌తో రావు, అవి టార్‌లో ఉన్నాయి కాబట్టి అక్కడి నుంచి తెచ్చాను. వెనక్కి జరిపే పుష్‌లను, బ్రాంచ్ డిలీట్‌లను సర్వర్ ఒప్పుకోకుండా సెట్టింగులు పెట్టాను, కనీసం ఈ వారం. ఒక్కొక్కరు తమ ఆరిజిన్ మెయిన్ కొత్త సర్వర్ మెయిన్‌లో ఇమిడి ఉందని చూసుకున్నాక పాత అడ్రసును దీనికి తిప్పాం. ఫెచ్ మీదున్న నిషేధం అప్పుడు ఎత్తేశాను. ఎవరి స్క్రీన్ మీదా ఫోర్స్‌డ్ అప్‌డేట్ రాలేదు.

మంగళవారం

బ్యాకప్ తిరగరాశాం. టార్ బదులు గిట్ బండిల్. అందులో రెఫ్‌లు, వాటికి కావలసిన ఆబ్జెక్టులు ఒకే ఫైలుగా వస్తాయి, ఒక ఆబ్జెక్టు చదవలేకపోతే బండిల్ తయారే కాదు. బండిల్ వెరిఫై మీద మాత్రం పూర్తిగా ఆధారపడడం లేదు, అది లోపలి ప్రతి ఆబ్జెక్టునూ తెరిచి చూడదు. ఎక్కించిన బండిల్‌ను వేరే మిషన్‌లో దింపి, క్లోన్ చేసి, ఎఫ్‌ఎస్‌సీకే నడిపి, ఆ ఫలితాన్ని మెయిల్‌గా పంపే ఏర్పాటు చేశాం. మెయిల్ రాకపోతే ఫోన్ మోగుతుంది. మిర్రర్ సర్వర్ (అసలు సర్వర్‌ను ఎప్పటికప్పుడు అలాగే నకలు చేసేది) పెడదామా అన్న మాట కూడా వచ్చింది. 2013లో కేడీఈ అనే ఓపెన్‌సోర్స్ ప్రాజెక్టు వాళ్ల గిట్ సర్వర్‌లో ఫైల్‌సిస్టమ్ పాడైతే, ఆ పాడే మిర్రర్లకూ పాకింది, దాదాపు 1,500 రెపోలు పోయినంత పనైంది. మిర్రర్ మంచిదే, కానీ దాన్ని బ్యాకప్ లెక్కలో వేయం.

వీటన్నిటికంటే నాకు ఎక్కువ ధైర్యం ఇచ్చినది చాలా చిన్న పని. పుష్ జరిగిన ప్రతిసారీ ఒక హుక్ రెఫ్‌ల జాబితాను, అంటే బ్రాంచ్ పేరు, కమిట్ హ్యాష్, టైమ్, తీసి సర్వర్ బయట రెండు చోట్ల రాస్తుంది. కొన్ని కేబీల ఫైలు. అందులో కోడ్ ఏమీ ఉండదు. కానీ ఆదివారం రాత్రి అది నా చేతిలో ఉండి ఉంటే, చివరి కమిట్ ఏదో తెలుసుకోవడానికి యార్డు నుంచి పట్టీ ఫోటో తెప్పించాల్సిన అవసరం వచ్చేది కాదు. ఏం వెతకాలో తెలిశాక వెతకడం తేలిక.

వచ్చే శనివారం సపోర్టు తమ్ముడు ఒక ఖాళీ మిషన్ మీద రెపోను మొదటి నుంచి తిరిగి నిలబెడతాడు. అతను ఈ పని ఎప్పుడూ చేయలేదు. చేతిలో ఉండేది నేను రాసిన రెండు పేజీల కాగితం, చదవడానికి మాత్రమే పనికొచ్చే కీ. నేను గదిలో ఉండను. ఏ వాక్యం దగ్గర ఆగి నాకు ఫోన్ చేస్తాడో ఆ వాక్యం తిరగరాస్తాను.